ఎలక్ట్రాన్లకు అదనపు బాధ్యతలు

శంభుప్రసాద్ గారు పరిపాలనాధికారిగా చేరిన వారం తిరక్కుండానే, సూక్ష్మ విద్యుత్ పరికరాల పరిశోధన సంస్థలోని ఎలక్ట్రాన్లకు బొత్తిగా క్రమశిక్షణ లేదని తేలిపోయింది.

అంతవరకు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ సంస్థ ఉత్తరాంధ్ర తీరంలో, సముద్రానికి ఎదురుగా ఒక కొండ మీద ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు కంటికి కనిపించని పరికరాలు తయారు చేస్తారు. వాటి మీద బయటివాళ్ళకు అర్థం కాని వ్యాసాలు రాస్తారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో సాంబారు నీళ్ళలా ఉందని దెబ్బలాడుకుంటారు. డైరెక్టరు సోమేశ్వర పట్నాయక్ గారు రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఎవరేం చెప్పినా "అలాగే కానిద్దాం" అనేవారు. ఇద్దరొచ్చి ఒకదానికొకటి పొసగని మాటలు చెబితే ఇద్దరితోనూ అదే అనేవారు. ఆ విధంగా సంస్థ ప్రశాంతంగా నడుస్తూ ఉండేది.

శంభుప్రసాద్ గారు అలాంటి మనిషి కాదు. సర్వీసంతా వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల్లో గడిపి వచ్చారు. గడ్డిలారీ ఎదురుగా నిలబడి, పరక కూడా కదిలించకుండా, అడుగున ఏముందో చెప్పేయగలరని ఆయనకు పేరు. ఆయన్ని ఇక్కడికి పంపుతూ ప్రభుత్వం, ఊరికి అవతలి చివర ఉన్న కొబ్బరిపీచు అభివృద్ధి మండలి బాధ్యతలు కూడా అదనంగా అప్పగించింది. ఎలక్ట్రాన్ల గురించి ఆయనకేమీ తెలియదు. తెలియనక్కర్లేదని ఆయన అభిప్రాయం. దాటేవాడెవడైనా దాటేవాడే.

ఆయన దృష్టి మొదట పడింది డాక్టర్ దాడి కుసుమలత పంపిన ప్రగతి నివేదిక మీద. అందులో ఒక వాక్యం కింద ఆయన ఎర్ర సిరాతో గీత గీశారు. "రెండు పలకల మధ్య గోడ ఉన్నప్పటికీ, కొన్ని ఎలక్ట్రాన్లు అవతలికి చేరుకుంటున్నాయి." గీత పక్కన "ఎవరి అనుమతితో?" అని రాశారు.

కుసుమలత అది చూసి హాస్యమనుకుంది. కొత్త అధికారి సరదా మనిషనుకుని సంతోషించింది కూడా.

ఆవిడ చేస్తున్న పని చిన్నదే గాని అవసరమైనది. కొండ దిగితే రేవు. రేవు పక్కన ఒక రొయ్యల కంపెనీ. అక్కడ రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాలకు అమ్మోనియా వాడతారు. గొట్టాలు పాతవి. అప్పుడప్పుడు ఏదో ఒక కీలు దగ్గర గ్యాసు బయటికి వస్తుంది. వాసన తెలుస్తుంది కదా అంటారు చూసినవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ వాసనలోనే రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళకు ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. కళ్ళు మండి, గొంతు పట్టేసేదాకా వాళ్ళకు తెలియదు. అంతకు ముందు ఎండాకాలంలో అలాగే జరిగి చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ళలో మైలపల్లి నూకరత్నం ఒకతె. తలలు తీసే జట్టుకు పెద్ద. ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంది. కుసుమలత ఆసుపత్రికి వెళ్ళి ఆవిణ్ణి చూసింది. గ్యాసు రవ్వంత వచ్చినా వెంటనే గంట కొట్టే పరికరం చేసి తెస్తానని మాట ఇచ్చింది. వానలు పడేలోపల తెస్తానంది.

ఆ పరికరం కిటుకంతా ఆ గోడలోనే ఉంది. రెండు లోహపు పలకల మధ్య ఒక పొర. ఎంత పలచన అంటే, దాని ముందు వెంట్రుక కోటగోడలా ఉంటుంది. అంత పలచని గోడ అయినప్పుడు ఎలక్ట్రాన్లు ఒక చిత్రమైన పని చేస్తాయి. గోడ ఎక్కవు, కన్నం వెయ్యవు, పగలగొట్టవు. ఇవతల ఉన్నవాటిలో కొన్ని ఊరికే అవతల ఉంటాయి. గోడకు అమ్మోనియా సోకితే అలా అవతల తేలేవి ఒక్కసారిగా ఎక్కువవుతాయి. అది పసిగట్టి గంట మోగుతుంది. గ్యాసు లీకును పట్టాలంటే ముందు లోపల ఎలక్ట్రాన్లు లీకవాలి. ఇంతే సంగతి.

ఇదంతా శంభుప్రసాద్ గారికి చెప్పడానికి ఆవిడ కాగితం, పెన్సిలు పట్టుకుని వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించి, తలుపు వేయించి, గోడ ఎవరు కట్టారని అడిగారు. తామే కట్టామంది. కన్నాలున్నాయా అన్నారు. లేవంది. తాళం, తలుపు? అవీ లేవంది.

"మరి ఎలా వెళ్ళాయి మేడమ్?"

"వెళ్ళలేదండీ. అవతల ఉన్నాయి."

శంభుప్రసాద్ గారు ఆవిడ కేసి జాలిగా చూశారు.

"సర్వీసంతా చెక్‌పోస్టుల్లో చేశాను. ప్రతి లారీ డ్రైవరూ నాతో ఈ మాటే చెప్పాడు. సరుకు నేను ఎక్కించలేదు సార్, దానంతటదే ఉంది, అని."

కుసుమలత కాగితం మీద అలలు గీసి చూపించింది. ఎలక్ట్రాన్‌ను గోలీకాయలా ఊహించుకోవద్దనీ, అది ఫలానా చోట ఉందని గట్టిగా చెప్పలేమనీ, ఎక్కడ ఎంత మేరకు ఉండవచ్చో మాత్రమే చెప్పగలమనీ వివరించింది. ఆయన శ్రద్ధగా విన్నారు. సిబ్బంది ఎక్కడున్నదీ సంస్థకే తెలియదన్న విషయం మాత్రం గుర్తుంచుకున్నారు. గోడ దగ్గర నిఘా కెమెరా పెట్టించమన్నారు. కెమెరా పెట్టడానికి వెలుతురు కావాలి, వెలుతురు వేస్తే ఆ దెబ్బకే ఎలక్ట్రాన్ ఉన్నచోట ఉండకుండా ఎటో పోతుంది, అని ఆవిడ చెప్పింది.

"చూస్తే పారిపోతున్నాయంటే, తప్పు చేస్తున్నట్టే కదా మేడమ్," అన్నారాయన నెమ్మదిగా.

దానికి భౌతికశాస్త్రంలో జవాబు ఉంది గాని, ఆ గదిలో చెప్పడానికి పనికొచ్చే జవాబు కాదు. ఆవిడ పెన్సిలు తీసుకుని వచ్చేసింది.

తర్వాతి సోమవారం నుంచి సంస్థలో లీకేజీ నివారణ వారోత్సవం మొదలైంది. గేటు దగ్గర ఫ్లెక్సీలు కట్టారు. "గోడ గౌరవాన్ని కాపాడుదాం" అని ఒకటి, "హద్దులో ఉన్న ఎలక్ట్రానే దేశానికి వెలుగు" అని ఇంకొకటి. ఉద్యోగులంతా చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశారు. ఎలక్ట్రాన్ల తరఫున కూడా ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి, వాటితో ఎక్కువ పరిచయం ఉన్న వ్యక్తిగా ఆ బాధ్యత కుసుమలతకు అప్పగించారు. వేదిక మీద నిలబడి, ఇకమీదట అనుమతి లేనిదే గోడ దాటబోమని ఆవిడ మైకులో చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ప్రయోగశాలలో చూస్తే, ఎప్పటిలాగే దాటుతున్నాయి.

దీన్ని శంభుప్రసాద్ గారు ధిక్కారంగా తీసుకున్నారు. ఇక మాటలతో లాభం లేదని, గోడ మందం పెంచమని ఇంజినీరింగ్ విభాగానికి ఆదేశించారు. ఆ విభాగం పని హాస్టళ్ళు, కాంపౌండు గోడలు కట్టించడం. గోడ ఎంత మందం ఉండాలో చెప్పే పుస్తకం వాళ్ళ దగ్గర ఉంది. అందులో అన్నిటికన్నా పలచని గోడ నాలుగున్నర అంగుళాలు. అంతకు తక్కువదాన్ని గోడ అని బిల్లులో రాయడానికి వీల్లేదని వాళ్ళ వాదన. కుసుమలత డైరెక్టరు దగ్గరికి పరుగెత్తింది. పొర ఏమాత్రం మందమైనా పరికరం చచ్చిపోతుందని మొరపెట్టుకుంది. పట్నాయక్ గారు అంతా విని, ఆవేదన పడి, అలాగే కానిద్దామన్నారు. ఆవిడ అటు వెళ్ళగానే శంభుప్రసాద్ గారు ఇటు వచ్చారు. ఆయనతోనూ అదే అన్నారు.

గోడ మారింది. పింగాణీ పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి, పుస్తకంలో ఉన్న కొలతకు తెచ్చారు. గోడ అంత ఉన్నప్పుడు పలకలు గోరంత ఉంటే బాగుండదని వాటినీ పెంచారు. పలకలు పెరిగితే పెట్టె పెరిగింది. పెట్టెకు కాళ్ళు వచ్చాయి. చివరికి చీమ కంట్లో పట్టాల్సిన పరికరం పెళ్ళి బీరువా అంత అయింది. ప్రయోగశాల తలుపులోంచి పట్టకపోతే సైకిల్ స్టాండు ఖాళీ చేయించి అందులో నిలబెట్టారు. ఇంకా దీన్ని నానో పరికరం అని ఎలా అంటామని కుసుమలత అడిగింది. మంజూరు అయింది నానో పద్దు కింద కాబట్టి అది నానో పరికరమేనని, పరిమాణాన్ని బట్టి పద్దులు మారవని శంభుప్రసాద్ గారు సెలవిచ్చారు. ప్రపంచంలోకెల్లా పెద్ద నానో పరికరం మన దగ్గరే ఉందని ఆయనే కనిపెట్టి, ఆ మాట ఒక బోర్డు మీద రాయించారు.

రాజధాని నుంచి శాఖ కార్యదర్శి వచ్చి దాన్ని చూశారు. ఆయన ఎదుట పరీక్ష జరగాలి. సైకిల్ స్టాండులో షామియానా వేసి, బీరువా ముందు పెద్దలను కూర్చోబెట్టి, శంభుప్రసాద్ గారు స్వయంగా అమ్మోనియా సీసా మూత తీయించారు. ముందు వరుసలో దగ్గు మొదలైంది. రెండో వరుసలో రుమాళ్ళు బయటికొచ్చాయి. కార్యదర్శి గారి కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. గంట మోగలేదు. ఎలా మోగుతుంది, నాలుగున్నర అంగుళాల పింగాణీని దాటి ఒక్క ఎలక్ట్రానైనా అవతలికి పోతే కదా. కుసుమలత వెనక నిలబడి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెప్పుల కేసి చూస్తోంది.

శంభుప్రసాద్ గారు కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకున్నారు.

"గమనించగలరు. ఇంత రెచ్చగొట్టినప్పటికీ ఒక్కటి కూడా గోడ దాటలేదు. లీకేజీ శూన్యం."

అందరూ దగ్గుతూనే చప్పట్లు కొట్టారు. మర్నాడు ఒక పత్రిక, అతిథులు ఆనందబాష్పాలు రాల్చారని రాసింది.

ఆ పత్రికలో పడ్డ ఫొటో చూసే నూకరత్నం కొండెక్కి వచ్చింది. దారిలో మూడుచోట్ల కూర్చుని ఆయాసం తీర్చుకుందట. కుసుమలత ఆవిణ్ణి క్యాంటీన్‌లో కూర్చోబెట్టి టీ తెప్పించింది గాని, ఆవిడ ముందు మిషను చూడాలంది. చూసింది. బీరువా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"ఇదేనేటమ్మా, మా కంపెనీలో పెడతానన్నది? ఇది పెడితే మరి మేమెక్కడ నిలబడాల?"

నూకరత్నం దెప్పడానికి రాలేదు. మొన్న మళ్ళీ గ్యాసు వచ్చిందని, తన ఆడపడుచు కూతురు స్పృహ తప్పి పడిపోయిందని, భయం లేదు, బతికిందని చెప్పింది. కంపెనీవాళ్ళు గొట్టాలు మార్చరు. పని మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. "వానలు పడిపోనాయి గదమ్మా, అందుకొచ్చాను. నీకు కుదరకపోతే కుదరలేదని సెప్పు. కనిపెట్టుకోకుండా ఉంటాం," అంది.

ఆ మాట కుసుమలతను సూటిగా తాకింది. అప్పటిదాకా ఆవిడ జరిగినవన్నీ ఇంట్లో భర్తకు వర్ణించి నవ్వించేది, తనూ నవ్వేది. ఆ రోజు ఇంటికెళ్ళి ఏమీ చెప్పలేదు. తను వేదికెక్కి చదివిన ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. అర్థం కానివాడికి అర్థమయ్యేలా చెప్పడం తనకు చేతకాలేదా, లేక ఆయన భాషలో చెప్పడానికి తనకు నామోషీ అయిందా అని ఆలోచించింది. రెండోదే నిజమనిపించింది.

మర్నాడు శంభుప్రసాద్ గారిని కలుద్దామని బయల్దేరింది. ఆయన గదిలో కోటు కుర్చీకి తగిలించి ఉంది, ఫ్యాను తిరుగుతోంది, మనిషి లేరు. కొబ్బరిపీచు మండలిలో ఉన్నారన్నారు. ఆటో చేసుకుని ఊరు ఆ చివరికి వెళ్ళింది. అక్కడ కళ్ళజోడు బల్ల మీద ఉంది, ఫ్యాను తిరుగుతోంది. సార్ ఇప్పుడే సూక్ష్మ విద్యుత్తుకు వెళ్ళారన్నారు. తిరిగొస్తే ఇక్కడివాళ్ళు, అయ్యో, అటే వెళ్ళారే అన్నారు. రెండు చోట్లా హాజరు పట్టీలో ఆయన సంతకం ఉంది. దారిలో మాత్రం ఎవరికీ కనబడలేదు. మధ్యాహ్నం ఎండలో, రెండోసారి ఆటో దిగుతూ, కుసుమలత ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఆటోవాడు చిల్లర తక్కువిచ్చానేమోనని మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

ఆవిడ ఇంక వెతకలేదు. ఆయన గది బయట బెంచీ మీద కూర్చుని, ఆయన తేలేదాకా ఎదురుచూసింది. లోపలికి పిలవగానే పొరపాటు జరిగిందని, క్షమించమని మొదలుపెట్టింది. ఎలక్ట్రాన్లు గోడ దాటుతున్నాయని నివేదికలో రాయడం తన తప్పేనంది.

"అవి దాటడం లేదు సార్. ఇవతలి పలకలో వాటిది రెగ్యులర్ పోస్టు. అవతలి పలకలో అదనపు బాధ్యతలు."

శంభుప్రసాద్ గారు పెన్ను కింద పెట్టారు. ముఖంలో ఏదో కదిలింది. ఇన్నాళ్ళూ పరాయి దేశంలో తిరుగుతున్న మనిషికి సొంత ఊరి మాట వినబడినట్టు అయింది.

"ఉత్తర్వులున్నాయా?"

"మీరు ఇస్తే ఉంటాయి సార్."

"ప్రయాణ భత్యం అడుగుతాయా?"

"ప్రయాణమే చెయ్యవు. ఇక్కడ ఉంటాయి, అక్కడ ఉంటాయి. మధ్య దారిలో ఆగవు."

ఆయన తల పంకించి, సీనియారిటీ సంగతి అడిగారు. ఏ ఎలక్ట్రాన్‌కూ మరో ఎలక్ట్రాన్‌కూ పిసరంత తేడా ఉండదని, ఒకదాని చోట ఒకదాన్ని పెడితే సృష్టిలో ఎవరూ పోల్చుకోలేరని కుసుమలత చెప్పింది. ఇది మాత్రం అబద్ధం కాదు, అలంకారం కాదు, అచ్చమైన భౌతికశాస్త్రం. శంభుప్రసాద్ గారు కళ్ళు మూసుకున్నారు.

"అంటే పదోన్నతి తగాదాలు ఉండవు."

"ఉండవు సార్."

"కోర్టుకు వెళ్ళవు. బదిలీ చేస్తే సిఫార్సులు పట్టుకురావు."

"రావు సార్."

"ఇలాంటి సిబ్బంది మన దగ్గర ఉన్నారని నాకు ముందే ఎందుకు చెప్పలేదు మేడమ్?"

ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఉత్తర్వును ఆయనే స్వయంగా చెప్పి టైపు చేయించారు. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇవతలి పలకయందు విధులు నిర్వర్తించుచున్న ఎలక్ట్రాన్లు, ప్రజాప్రయోజనము దృష్ట్యా, అవతలి పలకయందు పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరించుటకు అనుమతించడమైనది. విధినిర్వహణకు గోడ ఆటంకము కారాదు. కావున సదరు గోడను వీలైనంత పలుచన చేయవలెను." ఆ చివరి వాక్యం కోసం కుసుమలత ఒక పూటంతా ఆయన ఎదురుగా కూర్చోవాల్సి వచ్చింది. పట్నాయక్ గారు అలాగే కానిద్దామని సంతకం పెట్టారు. బీరువా మాత్రం సైకిల్ స్టాండులోనే ఉండిపోయింది. ప్రపంచంలోకెల్లా పెద్దదాన్ని తీసేయడానికి ఎవరికీ అధికారం లేదు.

పరికరం మళ్ళీ చిన్నదైంది. చిట్లకుండా అగ్గిపెట్టెలాంటి డబ్బాలో బిగించి, కుసుమలత దాన్ని రొయ్యల కంపెనీకి తీసుకెళ్ళింది. గొట్టాల పైన గోడకు కొట్టి, గంట తగిలించింది. నూకరత్నం జట్టంతా చేతులాపి చూశారు. ఇంత చిన్నదా అని ఒకరిద్దరు పెదవి విరిచారు. దానికి లాంఛనంగా ప్రారంభోత్సవం గురువారమని, అందాకా పరీక్ష కోసం నడుస్తుందని కుసుమలత చెప్పింది.

గురువారం దాకా గొట్టం ఆగలేదు. మంగళవారం పొద్దున, రొయ్యల గంపల్లో చేతులుండగా గంట మోగింది. ఎవరికీ వాసన తగల్లేదు, కళ్ళు మండలేదు. కొందరు నమ్మలేదు, ఉత్తినే మోగుతోందన్నారు. నూకరత్నం నమ్మింది. గంప తన్నేసి, ఒక్కొక్కరి జబ్బ పట్టుకుని వాకిలి దాటించింది. చివరి మనిషి రోడ్డు ఎక్కేసరికి లోపల కీలు పూర్తిగా ఊడిపోయింది. కుసుమలత ఫోను అందుకుని పరుగున దిగి వచ్చేసరికి, వాళ్ళంతా ఎదురుగా టీ బడ్డీ దగ్గర, తలకు ప్లాస్టిక్ టోపీలతోనే, వరసగా కూర్చుని ఉన్నారు. కంపెనీని తిడుతూ టీ తాగుతున్నారు. ఒక్కరికీ గొంతు కూడా గరగరలాడలేదు. ఆవిడ వాళ్ళ మధ్య చప్టా మీద కూలబడింది. ఎవరో ఇచ్చిన గ్లాసు పట్టుకుని కూర్చుంది.

అంతలో శంభుప్రసాద్ గారి కారు వచ్చింది. ఎవరూ చావనందుకు ఆయన సంతోషించారు. అందులో లోపం లేదు. కానీ ఒక చిక్కు ఉంది. ప్రారంభం కాని పరికరం మోగడానికి వీల్లేదు. మోగనిదానికి జనం బయటికి రావడానికి వీల్లేదు. కాబట్టి ఇవాళ్టిది లెక్కలోకి రాదు. గురువారం కార్యదర్శి గారి సమక్షంలో కొద్దిపాటి గ్యాసు వదిలే ఏర్పాటు తాను చేస్తానని, ఆడవాళ్ళంతా మళ్ళీ లోపల కూర్చుని, గంట మోగాక ఇవాళ వచ్చినట్టే వరుసగా బయటికి రావాలని ఆయన నూకరత్నానికి విన్నవించారు.

నూకరత్నం టీ చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"గురువారం మేం పనిలోకి రాం బాబూ. అంతగా కావాలంటే మీరే లోపల కూకోండి. మేం బయట నిలబడి సూత్తాం."

ఆయన చాలాసేపు ఆలోచించారు. నిబంధనల్లో దానికి అడ్డేమీ కనబడలేదు.

గురువారం అలాగే జరిగింది. రొయ్యలు ఒలిచే బల్లల వెనక పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్ళు పూలు పెట్టుకుని, మంచి చీరలు కట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. కార్యదర్శి గారు మాట్లాడాక సిలిండరు మర తిప్పారు. గంట మోగింది. కార్యదర్శి గారు అందరికన్నా ముందు బయటికొచ్చారు, వెనక పట్నాయక్ గారు, తర్వాత ముందు వరుస, వెనక వరుస. శంభుప్రసాద్ గారు రాలేదు. అచ్చువేసిన కార్యక్రమంలో బయటికి రావడానికి ముందు వందన సమర్పణ ఉంది. అది ఆయన వంతు. లోపల ఒక్కరే నిలబడి, ఖాళీ బల్లలకు దగ్గుతూ చదువుతున్నారు. గొంతు రానురాను సన్నబడుతోంది.

కుసుమలత లోపలికి అడుగు వేసేలోపలే నూకరత్నం తుండుగుడ్డ టీ బడ్డీ బిందెలో ముంచి, ముక్కుకు కట్టుకుని, ఆవిణ్ణి పక్కకు నెట్టి వెళ్ళిపోయింది. తనకున్న ఊపిరెంతో తనకు తెలుసు. అయినా వెళ్ళింది. శంభుప్రసాద్ గారిని, సభలో కప్పిన శాలువా పట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చింది.

"మిగిలింది ఈడ సదువుకో బాబూ," అని, చప్టా మీద కూలబడి రొప్పసాగింది. కుసుమలత ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

ఆయనకు నీళ్ళు తాగించారు. దగ్గు తగ్గాక ఆయన జేబులోంచి కాగితం తీసి, రోడ్డు మీదే నిలబడి, వదిలిన చోటి నుంచి మొదలుపెట్టారు. కార్యదర్శి గారు, డైరెక్టరు గారు, కంపెనీ యాజమాన్యం, షామియానా వేసినవారు. ఉన్నట్టుండి ఆయన ఆగిపోయారు. కాగితంలో పైనుంచి కింది దాకా ఒకసారి వెతికారు. నూకరత్నం పేరు అందులో లేదు. లేని పేరు చదవడానికి ఆయనకు అధికారం లేదు. అందుకని కాగితాన్ని చంకలో పెట్టుకుని, ఆవిడ వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం చేశారు. పెదవి కదపలేదు. తర్వాత కాగితం తీసి, తర్వాతి పేరు చదివారు.